రుద్ది చూసే సేటు

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన ఆ సేటుకు బట్టల దుకాణం ఉండేది. చేతికి ఏమిచ్చినా ముందు బొటనవేలితో రుద్ది చూసేవాడు. చీర అంచైనా, నేను తీసిన ఫోటో అయినా ఆయనకు ఒకటే. "గీ కాగితానికి గంత ధరనా?" అనేవాడు.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం సాగుతోంది. బంద్‌ల వల్ల సరుకు రావడం లేదని చీరల ధర పెంచాడు. అవే బంద్‌ల వల్ల నాకు పని లేదు కాబట్టి ఫోటో ధర తగ్గించమన్నాడు. సిగ్గన్నది ఆయన దుకాణంలో ఏ అరలోనూ ఉండేది కాదు.

ఆ వేసవిలో ఆయన తల్లి పోయింది. అంతకు నెల ముందే ఆమెను ఫోటో తీశాను. కెమెరా చూస్తే బిగుసుకుపోయే మనిషి. ఆమె మామూలుగా నవ్వేదాకా ఓ పూటంతా వాళ్ళ వాకిట్లో కూర్చున్నాను. నేను ధర చెప్పేది ఆ పూటకు, కాగితానికి కాదు.

తల్లి దినకర్మకు పెద్ద ఫోటో కావాలన్నాడు. నా స్టూడియోలో దాన్ని కడిగి ఆరవేస్తుండగానే వచ్చాడు. "ఆగండి, ఇంకా తడిగా ఉంది" అంటూనే ఉన్నాను, రుద్దేశాడు. తల్లి చెంప చెరిగిపోయింది.

కాసేపు దాన్నే చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను.

"ఖరాబైంది గద, సగానికియ్యి" అన్నాడు.

"మంచిది ఇంకోటి వేసిస్తాను. ధర మాత్రం తగ్గదు."

"ఎందుకు, గిదే సాలు. దండ ఏస్తే కనవడదు."

"చెడినదాన్ని నేను అమ్మను. ఊరికే తీసుకుపోండి" అన్నాను. వెంటనే తీసుకుపోయాడు.

దినం నాడు వెళ్ళాను. ఆమె చెంప మీద బొటనవేలి గుర్తు అందరికీ కనిపిస్తూనే ఉంది. దండ కూడా సన్నదే కొన్నాడు.