పీరు కంటికి నా వైద్యం

ఆటోనగర్‌లో నన్ను అందరూ డాక్టరుగారూ అని పిలిచేవారు. నేను డాక్టర్ని కాను, నాది మందుల షాపు. ఫార్మసీలో డిప్లొమా ఉంది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను కూడా, కానీ చదివిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. లారీ కిందనుంచి గ్రీజు చేతులతో లేచొచ్చి, "ఒళ్ళు కాలిపోతోంది డాక్టరుగారూ, ఏదో ఒకటి పడెయ్యండి" అనేవారు. నేను రెండు తెల్లవీ ఒక ఎర్రదీ కాగితంలో చుట్టి పూటకో పొట్లం చేతిలో పెట్టేవాణ్ణి. మూడోరోజుకి జ్వరం తగ్గేది. దానంతటది కూడా మూడోరోజుకి తగ్గేదే, ఆ సంగతి నేనెందుకు చెబుతాను? కంకిపాడులో మా నాన్న బసవయ్య నన్ను డాక్టర్ని చేయాలని కలలుగని, ఎంట్రన్సులో నా మార్కులు చూసి ఊరుకున్నాడు. ఆయన కోరిక ఆటోనగర్ తీర్చింది.

'బసవయ్య మెడికల్స్' అని నా షాపు బోర్డు రాసింది పీరే. తొంభై అయిదులో రాశాడు. పీరు లారీ పెయింటరు. స్కేలు పెట్టకుండా, దారం పట్టకుండా లారీ బాడీ ఈ చివర్నుంచి ఆ చివరికి గీత లాగేవాడు. ఆ గీత వంకర పోయిందని చెప్పినవాణ్ణి నేను చూడలేదు. బండి వెనక దిష్టి తగలకుండా కోరల రాక్షసుడి ముఖం వేయడంలో అతన్ని మించినవాడు బెజవాడలో లేడు. ఆ గుడ్లు చూస్తే వెనకొచ్చే బండి తనంతట తానే దూరం జరిగేది. పటమటలో రెండు గదుల ఇల్లు. భార్య సుగ్రా మిషను మీద జాకెట్లు కుట్టేది.

తొంభై ఆరు ఎండాకాలంలో పీరుకి నుదుటి మీద కుడివైపు పొక్కులు లేచాయి. కనుబొమ్మ మీదుగా రెప్పదాకా దిగాయి. సర్పి అన్నారు. కంకిపాడు దగ్గర శౌరయ్య అనే ఆయన మంత్రం వేసి ఎర్రమట్టి పూస్తాడంటే వెళ్ళి పూయించుకొచ్చాడు. నేనూ నా వంతు చుక్కల మందు ఒకటి ఇచ్చాను. రెండు వారాల్లో పొక్కులు ఎండి రాలిపోయాయి. మట్టి మహిమ అని శౌరయ్య అన్నాడు, చుక్కల మహిమ అని నేనన్నాను. పోయింది పొక్కులే, నొప్పి కాదని ఇద్దరికీ తెలియలేదు.

"కంట్లో కారం కొట్టి దానిమీద సూది పెట్టి తిప్పుతున్నట్టుందండీ డాక్టరుగారూ," అనేవాడు పీరు. ఏ నిమిషంలో వస్తుందో తెలియదు. ఫ్యాను గాలి నుదుటికి తగిలితే చాలు, అదిరిపడేవాడు. నా షాపుకి వస్తే ముందు ఫ్యాను కట్టేయమని బతిమాలేవాడు. దువ్వెన కుడివైపు పెట్టేవాడు కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చునేవాడు కాదు. చూస్తే మాత్రం కన్ను తెల్లగా, మచ్చలేకుండా పెళ్ళికొడుకు కన్నులా ఉండేది. అదే అతని కొంప ముంచింది. కన్ను ఎర్రబడితే జనం అయ్యో అంటారు, పుసి కడితే తప్పుకుని దారిస్తారు. తెల్లగా ఉన్న కన్ను నొప్పెడుతోందంటే ఎవడు నమ్ముతాడు? పని ఎగ్గొట్టడానికి అన్నారు. లోకానికి దిష్టి తీసే ముఖాలు వేసి వేసి ఆ దిష్టంతా వీడికే తగిలిందన్నవాళ్ళూ ఉన్నారు.

నేను నమ్మాను. నమ్మి వైద్యం చేశాను. ఇన్ఫెక్షన్ చుక్కలు, అలర్జీ చుక్కలు, చల్లటి చుక్కలు, షాపులో ఉన్న రంగులన్నీ వేయించాను. ఒక్కో సీసా వేసినప్పుడల్లా, "కొంచెం నయంగానే ఉందండీ" అనేవాడు. నా మనసు కష్టపెట్టుకోకూడదని అలా అనేవాడని నాకు చాలా ఏళ్ళకి గాని తట్టలేదు.

అతనికి అన్నిటికంటే కష్టమైంది గీతలు లాగలేకపోవడం కాదు. ఒక కన్ను మూసుకుని కూడా లాగేవాడు. నమాజులో నుదురు నేలకి ఆనించలేకపోయేవాడు. చాప తగిలితే ప్రాణం పోయేది. మసీదు పెద్దలు జబ్బు మనిషివి, కుర్చీలో కూర్చుని చదువుకో అన్నారు. తప్పేం లేదన్నారు. కుర్చీలన్నీ మోకాళ్ళు వంగని ఎనభై ఏళ్ళ ముసలాళ్ళవి. వాళ్ళ మధ్య ముప్పై ఆరేళ్ళ పీరు. "నీకేం రోగంరా, రాయిలా ఉన్నావు!" అని పక్క కుర్చీ తాత అడిగితే చూపించడానికి ఏమీ లేదు.

పండగలకి మసీదు నిండిపోయి వరసలు రోడ్డు మీదికి, నా షాపు ముందుదాకా వచ్చేవి. గల్లాపెట్టె దగ్గర నిలబడి చూసేవాణ్ణి. తలలన్నీ ఒక్కసారిగా కిందికి వెళ్ళేవి. వరస చివర కుర్చీలో ఒక్క తల మిగిలిపోయేది. అది నా షాపు బోర్డు వైపు చూస్తూ ఉండేది. "ఒక్కసారి నుదురు కిందపెట్టి లేస్తే చాలండీ, కన్ను పోయినా ఫర్వాలేదు," అన్నాడొకసారి. నేను ఇంకో సీసా ఇచ్చాను.

తొంభై ఏడులో సూర్యారావుపేటలో ఒక కంటి డాక్టరు, "నొప్పి కంట్లో లేదయ్యా, కంటికి వెళ్ళే నరంలో ఉంది" అని నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన చీటీ రాసిచ్చాడు. పీరు దాన్ని తిన్నగా నా దగ్గరికి తెచ్చాడు. ఎంత పెద్ద డాక్టరు రాసినా నేను ఊఁ అంటేగాని ఆటోనగర్‌లో ఎవరూ మందు మింగరు. అది అక్కడి ఆచారం. దానికి నేను గర్వపడేవాణ్ణి కూడా.

చీటీ చూశాను. రెండు బిళ్ళలు. ఒకటి మూర్ఛ రోగులకిచ్చేది, రెండోది దిగులు జబ్బుకిచ్చేది. నాకు ఒళ్ళు మండింది.

"నీకు ఫిట్సు ఉన్నాయా పీరూ?" అన్నాను.

"లేవండీ."

"పోనీ, మతి చలించిందా?"

షాపులో ఇంకో నలుగురున్నారు. పీరు తల వంచుకున్నాడు.

"ఇది ఫిట్సుకి, ఇది మనసు బాగోలేనివాళ్ళకి. కంటికి ఇందులో ఒక్కటీ లేదు. నీదంతా భ్రమని తేల్చేశాడు ఆ మహానుభావుడు. మానెయ్, నేను చూసుకుంటాను."

చాలా ధీమాగా అన్నాను. ఆ బిళ్ళలే నరాల నొప్పికి కూడా వాడతారని నా డిప్లొమాలో లేదు. ఉన్నా, ఆ రోజు నేను క్లాసులో లేనేమో. పీరు మాత్రం ఒక్క సంగతే విన్నాడు, డాక్టరు కూడా తనని నమ్మలేదని. మళ్ళీ ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఎనిమిదేళ్ళు నా చుక్కలే వేసుకున్నాడు. ఈలోగా లారీలకి స్టిక్కర్లొచ్చాయి. రాక్షసుడి ముఖం కూడా రెడీమేడ్‌గా అంటించడం మొదలుపెట్టారు. పీరు నంబరు ప్లేట్లు రాసుకుంటూ బతికాడు.

రెండువేల అయిదు మొదట్లో నాకు సర్పి వచ్చింది. ఎడమవైపు డొక్క మీద. పొక్కులు పోయాయి, నొప్పి మిగిలింది. చొక్కా గుడ్డ తగిలితే కేకపెట్టేవాణ్ణి. ఇంట్లో ఫ్యాను కట్టేయమని గొడవ చేస్తే మా ఆవిడ మాణిక్యమ్మ, "చూస్తే ఏమీ లేదు కదండీ, ఊరికే అంత యాగీ దేనికి?" అంది. కట్టుకున్న భార్య నమ్మకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నా చుక్కలు డొక్కకి పనికిరావు కాబట్టి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనే. చీటీ రాశాడు. అవే రెండు బిళ్ళలు.

నాకు ఫిట్సు ఉన్నాయా అని నేను అడగలేదు. నా మతి సంగతి కూడా ఎత్తలేదు. నోరు మూసుకుని నా షాపులోంచే తీసి మింగాను. మూడోవారానికి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని షాపులో కూర్చున్నాను. ఎదురుగా పీరు వచ్చి, "ఫ్యాను కాస్త కట్టేస్తారా డాక్టరుగారూ" అన్నాడు.

ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. మర్నాడే అతన్ని నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?" అని, ఎనిమిదేళ్ళ కిందట తనే చూసిన పీరుని గుర్తుపట్టక ఆయన అడిగితే, "చాలామందికి చూపించామండీ, గుర్తులేదు" అన్నాడు పీరు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, మధ్యలో మానకూడదని చెప్పి రాసిచ్చాడు. పీరు చీటీ అందుకుని ఎప్పట్లాగే నా చేతిలో పెట్టాడు. "వేసుకో. నీ జబ్బుకే," అన్నాను.

రెండు నెలలకి నొప్పి ముప్పాతిక తగ్గింది. తలంతా దువ్వుకుని వచ్చాడు. ఇక అక్కడినుంచి నా పని అయిపోయింది. పెద్ద పెద్ద డాక్టర్లకి అంతుపట్టనిది మా డాక్టరుగారు కనిపెట్టారని ఆటోనగర్ అంతా చెప్పాడు. గేటు దగ్గర టీకొట్టులో చెప్పాడు, మసీదులో చెప్పాడు. మంగళగిరి నుంచి ఎవరో ఆటో కట్టించుకుని కళ్ళు చూపించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. వాళ్ళని సూర్యారావుపేట పంపేసరికి, ఎంత వినయమో చూడండి అని అదికూడా నా గొప్పలోనే కలిపేశారు.

ఇక చెప్పేద్దామని నిశ్చయించుకున్న రోజున సుగ్రా షాపుకి వచ్చింది. బల్లమీద రెండు చీటీలు పక్కపక్కన పెట్టింది. ఒకటి కొత్తది. రెండోది మిషను సొరుగులో ఎనిమిదేళ్ళు పడుండి పసుపుపచ్చగా మారింది.

"నాకు ఇంగ్లీషు రాదు అన్నయ్యగారూ. ఒక్క చెయ్యి కుట్టిన రెండు జాకెట్లుంటే మాత్రం గుర్తుపడతాను. ఈ రెండూ ఒకటే కదండీ?"

"ఒకటే," అన్నాను. "ఆ రోజు నేనే మాన్పించాను. సాయంత్రం వచ్చి పీరుకి చెప్పేస్తానమ్మా."

"వద్దండీ." గొంతు పెంచలేదు. "డాక్టరు రాశాడని వేసుకోవడంలేదాయన, మీరు ఊఁ అన్నారని వేసుకుంటున్నాడు. నోరెండిపోతోంది, మత్తుగా ఉంటోంది, అయినా మానడు. మా డాక్టరుగారు చెప్పారంటాడు. ఇప్పుడు మీరొచ్చి తప్పు నాదేనన్నారనుకోండి, రేపట్నించి ఇవీ మింగడు. మీ మనసు తేలికపడుద్ది. ఆయన కన్ను మళ్ళీ మొదటికొస్తది."

పాత చీటీని మడిచి కొంగున ముడేసుకుంది. చించెయ్యలేదు.

ఆ ఏడు రంజాన్ పండగకి వరసలు మళ్ళీ నా షాపు ముందుదాకా వచ్చాయి. చివర కుర్చీ లేదు. తలలన్నీ కిందికి వెళ్ళాయి. నేను అటు చివరనుంచి ఇటు చివరికి చూశాను, ఒక్క తల కూడా పైన మిగల్లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా ఎవరైనా చూస్తే గొప్పగానే చెప్పుకుంటారని మొహం తిప్పుకున్నాను.

నమాజు కాగానే పీరు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. నుదుటికి చాప దుమ్ము అంటుకుని ఉంది. షాపు నిండా జనం. నా కుడిచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ నుదుటికి, కుడివైపునే, గట్టిగా ఆనించుకున్నాడు. తొమ్మిదేళ్ళు గాలిని కూడా తగలనివ్వని చోటు. వెచ్చగా ఉంది.

"కాదు పీరూ," అనడానికి నోరు తెరిచాను. అతని వెనకే పాయసం గిన్నె పట్టుకుని సుగ్రా నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

"రేపట్నించి కూడా ఇవేనా డాక్టరుగారూ?" అన్నాడు పీరు, చెయ్యి వదలకుండా.

"ఇవే," అన్నాను. "మానకు."