రామతీర్థం పెళ్ళికి నేను ఎంచిన పెద్ద లెన్సు

రామతీర్థంలో పెళ్ళి ఫొటోలు తీయబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దారి వివరాలు గుడికి వెళ్ళేవాళ్ళకీ పనికొస్తాయి. నాకు శ్రీకాకుళంలో చిన్న స్టూడియో ఉంది. నాలుగో తరగతితో బడి మానేశాను. లెన్సు మీద అంకెలు చదవడం వచ్చు, ఇన్నాళ్ళూ అది సరిపోయింది. ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో గుర్తులేదు గానీ, నా చేతిలో తాళి ఫొటో తప్పిపోయిన పెళ్ళి ఒక్కటీ లేదు. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కెమెరా మా కోడలు సంతోషికి ఇచ్చేశాను. మా అబ్బాయికి ఈ పని మీద మనసు లేదు, విశాఖలో వెల్డింగు చేసుకుంటున్నాడు. సంతోషి మూడేళ్ళు నా వెనక తిరిగి పని నేర్చుకుంది. వైశాఖంలో సింహాచలం అనే పాత స్నేహితుడి కూతురి పెళ్ళి వచ్చింది. అతనిది నెల్లిమర్ల దగ్గర వ్యవసాయం. "నువ్వయితే సరే గాని, పెళ్ళి పొటోలు ఆడపిల్లేటి తీస్తాది నాయుడూ" అన్నాడు ఫోనులో. "తీస్తాది. పాడైతే నా మొకం సూడకు" అన్నాను. అన్నాను గానీ సంగతి నాకు తెలుసు. ఆ పెళ్ళికి చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా వస్తారు. ఫొటోలు బాగుంటే సంతోషికి సొంతంగా పెళ్ళిళ్ళు వస్తాయి. పాడైతే స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ కూర్చోవాల్సిందే.

ముహూర్తం పొద్దున్న పదీ పదికి. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో అయిదుంపావుకి విజయనగరం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాకు టిక్కెట్టు వంద పైచిలుకు అయింది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం, సంతోషి ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది. తెల్లవారుజామున బస్సు ఖాళీగా ఉంటుంది, కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. కండక్టరు నా ఒళ్ళో ఉన్న కెమెరా బ్యాగు చూసి "తాతా, బేగు పైనెట్టు, కాళ్ళు సాపుకోవచ్చు" అన్నాడు. "అవసరమైతే నిన్ను పైనెడతాను గాని దీన్ని ఎట్టను" అన్నాను. సంతోషి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఏడుకల్లా విజయనగరంలో దిగాం. కాంప్లెక్సు ఎదురుగా బండి దగ్గర ఇడ్లీ తిని, కోట వైపు సందులో లెన్సులు అద్దెకిచ్చే కొట్టుకి నడిచే వెళ్ళాం. ముందురోజు ఫోను చేసి చెప్పాం కాబట్టి ఆయన ఏడున్నరకే షట్టరు తీశాడు. మీరు కూడా ముందే చెప్పుకోండి, లేకపోతే పదింటిదాకా తియ్యరు.

మా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన పద్దెనిమిది-యాభైఅయిదు లెన్సు ఉంది. పగలు ఆరుబయట బాగానే తీస్తుంది, చీకటి గదిలో కళ్ళు నలుపుకుంటుంది. అందుకే మంచిదొకటి అద్దెకి తెచ్చుకోవాలనుకున్నాం. కొట్టాయన రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇరవైనాలుగు-డెబ్బై. దగ్గర నిలబడి నలుగురినీ పట్టుకోవచ్చు, వెలుతురు తక్కువున్నా పని జరుగుతుంది. రెండోది డెబ్బై-రెండువందలు. దూరంగా ఉన్న ముఖాన్ని దగ్గరికి లాక్కొస్తుంది, కిలోన్నర బరువు. ఏది తీసుకున్నా అద్దె రోజుకి పన్నెండొందలు. సంతోషి చెయ్యి చిన్నదాని మీదికి వెళ్ళింది. నేను పెద్దది తీసుకున్నాను. రామతీర్థం గుడి మండపంలో నేను ఇదివరకు తీశాను, అక్కడ తాడు కట్టి ఫొటోగ్రాఫర్లని ఇవతలే ఆపేస్తారు. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు. పెద్ద లెన్సు చూస్తే జనం పెద్ద ఫొటోగ్రాఫరని దారిస్తారు. "ఇదే పట్టుకెళ్దాం" అన్నాను. పరాయి మనిషి ముందు మామగారి మాటకి అడ్డు చెప్పడం మా ఇళ్ళల్లో లేదు. సంతోషి తల ఊపి కాగితం మీద సంతకం పెట్టింది.

రామతీర్థానికి నెల్లిమర్ల మీదుగా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. షేరు ఆటోలో వెళ్తే నెల్లిమర్లలో మారాలి, డబ్బు తక్కువ. సామాను ఉంది కాబట్టి మూడొందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాం. నెల్లిమర్ల దాటాక సంతోషి అడిగింది. "మావయ్యా, పెళ్ళి గుడి మండపంలోనేనా? వాళ్ళని అడిగినారా?"

"రామతీర్థంలో పెళ్ళంటే మండపం కాక ఇంకెక్కడ?" అన్నాను.

ఆటో నడిపే అతను అద్దంలోంచి చూశాడు. "సింహాచలం గారింటి పెళ్ళికా బాబూ? అది కొండ కింద సత్రంలోనండి. నిన్న కూరగాయలు నేనే ఏసినాను. సిన్న గది. మనుసులు మాత్రం ఇంతమంది వస్తారట."

వెనక్కి వెళ్ళి లెన్సు మార్చుకు రావడానికి టైము లేదు, తొమ్మిదికి పెళ్ళికూతుర్ని తయారుచేసే ఫొటోలు తియ్యాలి. సంతోషి "సర్లెండి మావయ్యా, ఉన్నదాంతో సూద్దాం" అంది. ఇంకొకరైతే నన్ను నాలుగు మాటలు అనేవారు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సత్రం గది అడ్డంగా ఇరవై అడుగులు ఉంటుందేమో. పైకప్పు కిందికి ఉంది, కిటికీ ఒక్కటే, దాని తలుపు మూసి ముందు బియ్యం బస్తాలు పేర్చారు. గోడకి వీపు ఆనించి పెద్ద లెన్సులోంచి చూస్తే పీటల మీద మనిషి ముక్కు, ఒక కన్ను కనిపించాయి. సింహాచలం వచ్చి లెన్సు చూశాడు. "ఏటి నాయుడూ, పెళ్ళికి ఫిరంగి తెచ్చినావు? మగపెళ్ళివోళ్ళ మీదేటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కతే కూతురు నాకు. పొటోలు లేకపోతే మా ఆడది నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు. ఆ మాటలో నవ్వు లేదు.

సంతోషి గదంతా ఒకసారి తిరిగి చూసింది. కెమెరాతో వచ్చిన మా పాత లెన్సే పెట్టుకుంది. పెద్దది స్టూడియో నుంచి తెచ్చిన రెండో కెమెరాకి బిగించి నాకిచ్చింది. తర్వాత ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి "అత్తా, ఈ బస్తాలు పక్కకి లాగి కిటికీ తలుపు తీద్దురూ, మీ పిల్ల మొకం మీద ఎలుగు పడాల" అంది. అయిదుగురు పట్టి లాగేశారు. తూర్పు కిటికీ. ఎండ పీటల దాకా వచ్చింది. నేనెప్పుడూ వెలుతురు చాలకపోతే ఫ్లాష్ వేసేవాణ్ణి, బస్తాలు జరపమనడం నాకు తోచలేదు.

సింహాచలం వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. జీలకర్ర బెల్లం పెట్టేముందు అడ్డంగా తెర పడతారు. పెళ్ళికూతురి వైపు ముత్తయిదువలూ మేనమామా తప్ప ఎవరూ నిలబడకూడదు. నేను ఎప్పుడు తీసినా పెళ్ళికొడుకు వైపు నుంచే తీశాను. తెర అవతల ఏం జరుగుతుందో తెర దించాకే నాకు తెలిసేది. సంతోషి కొంగు బిగించి నేరుగా ఆ వైపు వెళ్ళి పెళ్ళికూతురి పక్కన కూర్చుంది. ఎవరూ ఆపలేదు. ఒక ముసలావిడ "జరగండే, పొటోల పిల్లకి సోటివ్వండి" అని చోటు కూడా చేసింది.

ముహూర్తానికి బాజాలు మోగగానే గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి లేచి అక్షింతలు వెయ్యడానికి ముందుకి తోసుకొచ్చారు. నా లెన్సు నిండా వీపులు. జరీ అంచులు, చెమట పట్టిన చొక్కాలు, ఒకాయన బట్టతల. పెద్ద లెన్సు చూసి ఒక్కడూ దారివ్వలేదు. జీలకర్ర బెల్లం అయింది, తెర దించారు, తాళి కూడా అయిపోయిందని బాజా మారాక తెలిసింది. నేను తీసిన ఫొటోల్లో ఒక్కటీ పనికొచ్చేది లేదు.

భోజనాల దగ్గర గాడిపొయ్యి పక్కన కూర్చుని సంతోషి కెమెరాలో చూపించింది. పెళ్ళికొడుకు చెయ్యి తెర మీదుగా వచ్చి పిల్ల తల మీద పడేసరికి పిల్ల కళ్ళు మూసుకుంది. వెనక తల్లి పెదవి కొరుక్కుంటోంది. ఇద్దరి మీదా కిటికీ ఎండ. తాళి మూడు ముళ్ళూ మూడు ఫొటోల్లో ఉన్నాయి, వేళ్ళతో సహా. ఇన్నేళ్ళూ నేను తెరకి ఇవతల నిలబడి పెళ్ళిళ్ళు తీశానని అప్పుడు తెలిసింది. వంట చేసే అప్పమ్మ గరిటెతోనే వంగి చూసి, "పిల్ల తల్లి ఏడుపు ఆపుకుంటంది సూడు. నాకూ అలాగే అయినాది" అని ముంజేతితో కళ్ళు తుడుచుకుని, మా ఇద్దరి విస్తళ్ళలో రెండేసి బూరెలు వేసింది.

సింహాచలం ఫొటోలు చూశాడు. లోపలికి వెళ్ళి భార్యని పిలుచుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి చూశాడు. పక్కనున్న అతని బావ నన్ను అడిగాడు. "నాయుడు గారూ, జ్యేష్ఠంలో మా పిల్లది ఉన్నాది. మీరొస్తారా?"

"నన్నడక్కు. ఆవిడకి కాళీ ఉన్నాదో లేదో ఆవిడ్నే అడుగు. నేను లెన్సు మోసేవోణ్ణి" అన్నాను. సంతోషి ఫోనులో తేదీ చూసుకుని "వస్తాను బాబూ" అంది.

మూడింటికి బయల్దేరాం. తీరిక ఉన్నవాళ్ళు గురుభక్తుల కొండ మీద బౌద్ధుల కట్టడాలు చూడొచ్చు, ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే ఎక్కండి, నీళ్ళు పట్టుకెళ్ళండి. నేను ఎక్కలేదు. ఆటోలో కిలోన్నర లెన్సు ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే సిగ్గు వెయ్యలేదు. తప్పు నాదే, దాని గురించి ఇంకో మాట లేదు. ఇంతకాలం పది మందిలో నా ఫొటోలని ఎవరైనా మెచ్చుకున్నప్పుడు ఛాతీ పొంగేది. ఆ రోజు నా ఫొటోల్లో వీపులు తప్ప ఏమీ లేవు, అయినా అంతకంటే ఎక్కువే పొంగింది. సంతోషికి పని నేర్పింది నేనే. బస్తాలు జరపమనడం మాత్రం నేను నేర్పలేదు.

పెళ్ళికి లెన్సు ఎంచుకునేవాళ్ళకి ఒక్క మాట. లెన్సుల కొట్టుకి వెళ్ళేముందు పెళ్ళివాళ్ళకి ఫోను చేసి, గది ఎంత ఉంటుంది, తెర పట్టినప్పుడు మమ్మల్ని ఏ వైపు నిలబడనిస్తారు అని అడగండి. ఆ ఊళ్ళో వంద పెళ్ళిళ్ళు తీసినవాళ్ళయినా సరే, అడగండి.