ఎర్రటోపీ జిజో

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు క్రైస్తవ సహవాసంలో విగ్రహారాధనను ఖండించడానికి కృపావరంగారిని మించినవారు లేరని ప్రతీతి. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు గనుక, పాపాన్ని ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసునని విశ్వాసుల నమ్మకం. ఆయన మాత్రం ప్రతి ఉదయమూ ముందుగదిలోని కంపెనీ కారు నమూనాను మెత్తని గుడ్డతో తుడిచి, తన్మయులై చూచి, ఆపైననే బైబిలు తెరిచేవారు.

1983లో పొరుగింటి జపాను ఇంజనీరు స్వదేశానికి మరలిపోతూండగా, ఆయన భార్య హయాషిగారు తమ తోటలోని చిన్న రాతిబొమ్మను కృపావరంగారి భార్య విమలకుమారికి అప్పగించారు. బోడితల, మూసిన కన్నులు, మెడలో ఎర్రని గుడ్డ. పేరు జిజో. లోకం చూడకుండానే పోయిన పసికందులకు తోడుండే దయామయుడట. తమ దేశంలో వీధిమలుపుల్లో సైతం నిలిచి ఉంటాడట. తల్లులు చలికి టోపీలు అల్లి తొడుగుతారట.

విమలకుమారికి ఆరవ నెలలో కడుపులోనే పోయిన బిడ్డ ఉంది. ఆ బిడ్డకు పేరు లేదు, ప్రార్థనా జరగలేదు. ఆమె జిజోను పెరట్లో నిలిపి ఎర్ర ఊలు టోపీ తొడిగింది. వీధి పొడవునా ఇళ్ల తోటల్లో పింగాణీ మరుగుజ్జు బొమ్మలు కొలువైన ఊరు గనుక, కృపావరంగారు దాన్నీ అలంకారమే అనుకున్నారు.

సంఘపెద్ద ఎన్నికకు ఆయన పేరు ప్రతిపాదించిన వారమే వారింట గృహప్రార్థన జరిగింది. సంఘాధ్యక్షులు రత్నరాజుగారు భార్య దెబోరాతో వచ్చి, కిటికీలోంచి చూచారు.

“బ్రదర్, బ్యాక్‌యార్డ్‌లో ఆ బోడిగుండు ఎవరండీ?”

“గార్డెన్ డెకరేషన్ బ్రదర్.”

“డెకరేషన్‌కి టోపీ ఎందుకండీ? జలుబు చేస్తుందా?”

విమలకుమారి టీ పోయడం ఆపింది. “డెకరేషన్ కాదన్నయ్యగారూ. జపాన్ దేవుడు. పోయిన నా బిడ్డ కోసం పెట్టుకున్నాను.”

“దేవుడా! పైగా జపాన్‌దా!” రత్నరాజుగారు రెండవ మాటనే గట్టిగా అన్నారు. “వాళ్ల కార్లొచ్చి మనవాళ్ల జాబులు పోతుంటే, ఇంపోర్టెడ్ దేవుడా? ఆదివారంలోగా ట్రాష్‌లో పడేయండి. లేదంటే మీ పేరు విత్‌డ్రా చేస్తాను.”

అతిథులు వెళ్లగానే కృపావరంగారు బొమ్మను ఎత్తడానికి చేతితొడుగులు వేసుకున్నారు.

“ముందు మన బిడ్డకి చర్చిలో ఒక్క ప్రార్థన చేయించండి,” అంది విమలకుమారి. “ఆ తర్వాత నేనే మోసుకెళ్లి పడేస్తాను.”

ఆ షరతు సులువని తోచి ఆయన ఫోను చేశారు.

“పుట్టని బిడ్డకి ప్రార్థనేంటి బ్రదర్?” అన్నారు రత్నరాజుగారు. “పేరు కూడా లేదాయె. మన రూల్స్‌లో లేదు. కొత్త కారు కొంటే బ్లెస్సింగ్ ఉంది, కావాలంటే చెప్పండి.”

కృపావరంగారు ఫోను పెట్టి, కారు నమూనా వంక చాలాసేపు చూచి, చేతితొడుగులు తీసేశారు. ఆదివారం ఆయన పేరు కొట్టివేయబడింది.

మంచు పడ్డాక దెబోరా ఒంటరిగా వచ్చి, ఊలుతో అల్లిన బుల్లి టోపీ విమలకుమారి చేతిలో పెట్టింది.

“మా ఆయనకి చెప్పకు విమలక్కా.”

“నీకూనా?”

“గుంటూరులో. పెళ్లైన ఏడాదికే.”

భార్య అల్లికలన్నీ అనాథలకేనని రత్నరాజుగారు సంఘంలో పొగుడుతూనే ఉన్నారు.

ఆడవారి మాటలు విన్న కృపావరంగారు పెరట్లోకి వెళ్లి, కారు తుడిచే మెత్తని గుడ్డతో జిజో ముఖం మీది మంచు తుడిచారు.

“పాతది తడిసిపోయింది,” అన్నారు. “ఆ కొత్తది ఇలా ఇవ్వు విమలా.”