ముందు నీళ్లు, తర్వాతే చాయ్

మొన్న దేవరకొండ దగ్గరున్న మా అక్క ఊరికి బస్సులో పోతుంటే, వాగులో గొర్రెల మంద మూతులు పెట్టి నింపాదిగా నీళ్లు తాగుతూ కనిపించేసరికి, రాష్ట్రం వచ్చిన కొత్తలో కాలుష్య నియంత్రణ ఆఫీసులో నీటి నమూనాలు పట్టుకుంటూ తిరిగిన రోజులూ, అప్పటి మా సారూ కళ్లముందు మెదిలారు.

ఆ వాగుకు ఎగువన ఒక మందుల కంపెనీ ఉండేది. వాడిన నీళ్లను శుద్ధిచేసి వాగులోకి వదలడానికి సర్కారు ఇచ్చే అనుమతికి ఆ ఏడు గడువు తీరవచ్చింది. ఆ నీళ్లు తాగి గొర్రెలు జబ్బు పడుతున్నాయని అక్క ఒకటే మొత్తుకునేది. మంద పోతే ఆ ఇంటికి వేరే బతుకుదెరువు లేదు.

సారు వయసులో నాకన్నా చిన్నవాడే అయినా పట్టు మాత్రం పెద్దది, ఏ కంపెనీకి పోయినా ముందు నీళ్లు పట్టాలి, తర్వాతే చాయ్ ముట్టాలి. మన దిక్కు చాయ్ వద్దనడం ఎంత తప్పో మీకు తెలియంది కాదు గానీ, ఆ మర్యాదల సందులోనే లోపల మురికి పలచబడేలా బోరు నీళ్లు కలిపేస్తారని ఆయన అనుమానం. అలాంటి మనిషి ఆ రోజు మేనేజరు పిలవగానే కూర్చుని, తీరిగ్గా ఒక చాయ్ తాగి ఇంకోటి అడిగేసరికి, అక్క మంద మునిగిందే అనుకున్నాను.

చాయ్ అయ్యాక కాలువ దగ్గరికి పోతే నీళ్లు తేటగా ఉన్నాయి. సారు నమూనా సీసా ముట్టనేలేదు, నేరుగా నీళ్లను కొలిచే మీటరు ముందు నిలబడ్డారు; అది గిర్రున తిరుగుతోంది. నీళ్లలో మురికి ఎంత మించకూడదో ఒక్కటే కాదు, రోజుకు ఎన్ని నీళ్లు వదలొచ్చో కూడా అనుమతిలో రాసి ఉంటుంది, బోరు నీళ్ల పుణ్యాన ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోయింది.

"మజ్జిగల నీళ్లు పోస్తే పులుపు తగ్గుతది గని, కుండ పొర్లుతది గద మేనేజర్ సాబ్," అన్నారు నవ్వుతూ.

పైనుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా, కొత్త శుద్ధి యంత్రాలు పెట్టి వాగు తేరుకునేదాకా ఆయన ఆ అనుమతిని పొడిగించనివ్వలేదు. ఆ సంతోషంలో అక్క ఇంటికి పిలిస్తే, అక్కడా గ్లాసు పక్కన పెట్టించి, ముందు వాగుకు పోయి సీసా నింపుకొచ్చారు. "గీ సారుకు నా చాయ్ కన్న గా వాగు నీళ్లే తీపి," అని అక్క ఉడికిస్తుంటే, చల్లారిన చాయ్‌నే ఇష్టంగా తాగారు. అలాంటి అధికారి కింద పనిచేశానని ఇప్పటికీ నాకు గర్వమే.

ఇప్పుడు మీటర్లే రాత్రీపగలూ అంకెలను ఆఫీసుకు పంపుతున్నాయట, మంచిదే, వాటిని చాయ్ పోసి కూర్చోబెట్టలేరు. కానీ వాగు గట్టున నడిచొచ్చే మనిషి లేకుండా పోయాడు. మొన్న నేను బస్సు దిగి ఇంట్లో కూలబడితే, అక్క గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడి, "వాగు చూసొచ్చినవా?" అని అడిగింది.

లేచి వాగుకు నడిచాను.