వల అల్లిన చెయ్యి కోడ్ రాయకూడదా?

రాజాంలో మేం కోడింగ్ నేర్చుకుంటున్న ఇన్‌స్టిట్యూట్ మేనేజరు, రేపటి ఇంటర్వ్యూ జాబితాలోంచి మా గంగమ్మక్క పేరు కొట్టేశాడు. ఆమె యాస కంపెనీకి పనికిరాదట!

అక్కది భావనపాడు. పదిహేనేళ్లు వలలు బాగుచేసి, ఇప్పుడు మాతోపాటు బెంచీ ఎక్కింది. ఈ ఉదయం మా బ్యాచ్ రాసిన ప్రోగ్రాం ఆగిపోయింది. మొత్తం చెరిపేసి మళ్లీ రాద్దామన్నాం.

"ఒక కన్ను తెగితే వలంతా ఇప్పేస్తారేట్రా? అంచు కాణ్ణించి తడుముకుంటూ రండి" అంది అక్క. మొదటి లైను నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, మధ్యాహ్నానికి తప్పు పట్టేసింది.

ఆ సంగతి చెబితే మేనేజరు నవ్వాడు. "ఇంటర్వ్యూలో కూడా 'ఏటి, సెప్పు' అంటుందా?"

పక్కనే ఉన్న అక్క ఊరుకోలేదు. "కంప్యూటరు నా మాటకి మొకం తిప్పుకోనేదు. మీకేటొచ్చింది బాబూ?"

కొత్త బతుకు నేర్పుతామని బోర్డు పెట్టినవాడికి పాత బతుకంటే అంత రోత ఎందుకో, తెలిస్తే మీరైనా చెప్పండి. నేను బట్టల కొట్టు మానేసి వచ్చినవాణ్ణి. అక్క పేరు లేని జాబితాలో నా పేరు నాకక్కర్లేదు. రేపు కంపెనీ వాళ్లు పదింటికి వస్తారు. అక్క పేరు మళ్లీ చేర్చమని అడగడానికి మనం తొమ్మిదింటికే ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గరుందాం. మీ యాసతోనే రండి.