కాకా హాండీక్యాప్ ఇరవై నాలుగు

నాకు గోల్ఫ్ రాదు. కర్ర ఎత్తి కొడితే గడ్డి లేచేది, బంతి మాత్రం ఉన్నచోటే ఉండేది. అయినా అరవైల మొదట్లో, మా బొగ్గు గనుల ఊళ్లో, ఆఫీసర్ల క్లబ్బు హాండీక్యాప్ పుస్తకం నా నెత్తినే పడింది. కారణం నా దస్తూరి. కరీంనగర్ బడిలో పంతులు బెత్తంతో దిద్దించిన గుండ్రటి అంకెలవి. అవి మేనేజరు సాబు కంట పడ్డాయి, సర్వే ఆఫీసు గుమాస్తానైన నాకు ఆదివారం లేకుండా పోయింది.

పనేం బ్రహ్మవిద్య కాదు. ఆటగాళ్లు గుంట గుంటకూ దెబ్బల లెక్క రాసి తెచ్చిన కార్డులు చూసి, ఎవరి ఆట ఎంతో లెక్కగట్టి, వరండాలో నల్లబోర్డు మీద పేరుకెదురుగా సుద్దతో హాండీక్యాప్ అంకె వేయాలి. అంకె ఎంత పెద్దదైతే ఆట అంత చెత్త. కానీ పోటీలో ఆ అంకె ఎంతో అన్ని దెబ్బలు మాఫీ, కాబట్టి చెత్త ఆటకూ ఓ సుఖముంది. ఆ సుఖం మరిగినవాళ్లకు ముకుతాడుగా ఒక కాయిదా పెట్టారు. నాలుగు దెబ్బల్లో బంతి పడాల్సిన గుంటకు ఎన్ని దెబ్బలు పట్టినా సరే, పుస్తకంలో ఆరుకు మించి ఎక్కించకూడదు. మిగతావి కోసెయ్యాలి.

ఆ ఏడు ఒక ఓవర్‌మన్‌కు క్లబ్బులో చేరే యోగం పట్టింది. చెన్నూరు మనిషి. గనిలో తట్ట మోసి, మెట్టు మెట్టే ఎక్కి, షిఫ్టు మొత్తం చూసుకునే దాకా వచ్చినవాడు. నేను కాకా అనేవాణ్ణి. ఆఫీసర్ల నడుమ ఆ బోర్డు మీద తన పేరు చూసుకోవాలని ఆయనకు ఒకటే ఆశ. మూడు కార్డులు కాయిదా ప్రకారం దిద్ది, ఆయన సంతకంతో పుస్తకంలోకి ఎక్కితేనే పేరు. గడువు ఆ ఆదివారంతో సరి, దాటితే అర్జీ చెత్తబుట్టకే.

ఆదివారం పొద్దున్నే మూడూ కలిపి తెచ్చాడు. ఒకదాంట్లో వాగు పక్క గుంటకు పద్నాలుగు దెబ్బలు! నవ్వాపుకోలేక ఎర్రసిరాతో కొట్టేసి ఆరు వేశాను.

"ఏందిది బిడ్డా? పద్నాలుగు కొట్టిన. ఆరెందుకు రాసినవ్?"

"గది కాయిదా కాకా."

"గనిల గ్యాసుంటే ఉన్నదని రాసిన, లేకుంటే లేదని రాసిన. తక్కువ జేసి రాసినోని పుణ్యాన మనుషులు సచ్చిన్రు, నా కండ్ల ముంగటనే. నేను సంతకం పెట్ట."

మొండిఘటం! బోర్డుకెక్కబోయే పేరును తానే ఆపుకునేలా ఉన్నాడు. "కాకా, వడ్లు కొలిచేటప్పుడు కుంచం మీద నిలిచిన కుప్పను చేత్తోని సాపు జేస్తరా లేదా? గది అబద్ధమా?"

"అబద్ధం గాదు, కొలత. మరి అందరికీ గంతేనా?"

"అందరికీ," అన్నాను, తడుముకోకుండా.

"సాబు కార్డులు సూపియ్యి."

తప్పక కట్ట తీసి ముందు పెట్టాను. సాబు మంచి ఆటగాడే. కప్పు పోటీలు దగ్గరపడ్డాయంటే మాత్రం నిమ్మళంగా బంతిని మూడుసార్లు వాగులోకి కొట్టి, కార్డులో పదో పదకొండో వేసుకొచ్చేవాడు. నేను వాటిని కోసేవాణ్ణి కాను. అసలు లెక్క పదిహేను, బోర్డు మీద ఇరవై రెండు. ఆ సంగతి క్లబ్బంతా ఎరుగును. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

కాకా ఆ కార్డులన్నీ తిరగేశాడు. "నాది కోసేటప్పుడు పండ్లికిలిచ్చినవ్. సాబుదంటే చెయ్యి రాలేదా?"

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీదే. ఎర్రసిరా తీసి సాబు కార్డులన్నీ కోసేశాను. బోర్డు మీది ఇరవై రెండు తుడిచి పదిహేను వేశాను. కాకా సంతకం పెట్టాడు. సాబు పేరు కింద ఆయన పేరు, పక్కన ఇరవై నాలుగు రాశాను. కండువాతో కళ్లొత్తుకున్నాడు. "మా అవ్వ ఉంటే సూపిచ్చేటోన్ని బిడ్డా," అన్నాడు. నాకెంత సంతోషమైందో! ఆ పూట నా అంత మొనగాడు లేడనుకున్నాను.

సాయంత్రం సాబు వచ్చాడు. బోర్డు చూసి, నన్ను చూసి, "ఎవరు దిద్దమన్నారు?" అన్నాడు.

"కాయిదా సార్..."

"నీకు నౌకరీ ఇచ్చింది కాయిదానా, నేనా?"

గొంతు కూడా పెంచలేదు మహానుభావుడు. మొనగాణ్ణి కదా, సుద్దముక్క వెతుక్కుని ఇరవై రెండు వేశాను.

మర్నాడు కాకా భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. ఆయన బోర్డు చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. తడిగుడ్డ అడిగాడు.

"మీది సరిగ్గనే ఉన్నది గద కాకా, ఉండనియ్యుండ్రి," అని బతిమాలాను.

"గా ఇరవై రెండు కింద నా పేరుంటే నేను గూడ ఒప్పుకున్నట్టే."

తన పేరు తానే శుభ్రంగా తుడిచేశాడు. ఆమెకు చదువు రాదు. "ఏదయ్యా నీ పేరు?" అంది.

"గీడ ఉండె," అని తడి జాగా చూపించాడు.

నేను తలెత్తలేకపోయాను. పుస్తకం మాత్రం ఇంకో నాలుగేళ్లు రాశాను. సాబు ఇరవై రెండు మీదే రిటైరయ్యాడు.