లక్ష్మణమ్మత్త పోసిన నల్ల ఇసుక

మా లక్ష్మణమ్మత్త మొగుడు ఎల్లాజీ మావ వేటకెళ్లి తిరిగి రాలేదు. పదకొండేళ్లయింది. ఆ రోజు జ్వరమని నేను పడుకుంటే నా బదులు పడవెక్కాడు. ఆ తరవాత నేను సముద్రం మొహం చూడలేదు, ఆటో కొనుక్కున్నాను.

శవం దొరకలేదు. దొరకని మనిషిని ఊరికే వదిలేస్తే ఒడ్డు పట్టుకు తిరుగుతాడని మా పేటలో నమ్ముతారు. అందుకని అతని చొక్కా, లుంగీ కుండలో పెట్టి సరుగుడు తోట పక్కన దిబ్బలో పూడ్చారు. గాలికి తెల్ల ఇసుక లేచిపోయి కుండ బయటపడుతుందని అత్తకి బెంగ. పోటు తీశాక ఒడ్డున నల్లటి చార మిగులుతుంది. ఆ ఇసుక బరువు, గాలికి లేవదు. ప్రతి అమావాస్యకీ గంపెడు మోసుకొచ్చి కుండ మీద పోసేది.

మొన్న ఎండాకాలంలో ఇసుక సర్వేకి మోహనకృష్ణ అనే ఇంజనీరు వచ్చాడు. అరసవల్లిలో లాడ్జి, రోజూ నా ఆటో. ఆ నల్ల ఇసుకలో ఉన్న లోహం లేకపోతే కార్లూ లేవు, క్షిపణులూ లేవట. అది ఎక్కువగా అమ్మే దేశం కాస్త బిగబట్టేసరికి మిగతావాళ్లకి గుండె జారిందట. ఇదివరకు దేశాల ఒప్పందమంటే ఎవరి సరుకు మీద ఎంత సుంకమన్న బేరమే, ఇప్పుడు రేపు ఎవరు తలుపేసినా ఆగిపోకుండా ఎవరి నేలలో ఏముందో ముందే రాయించుకుంటున్నారు అన్నాడు. మా రొయ్యలు కొనడానికి వంద వంకలు పెట్టేవాళ్లకి మా ఇసుక మాత్రం ముద్దొచ్చిందన్నమాట. నాకు ఒళ్లు మండింది.

అతని చేతిలో ఓ మిషను ఉండేది. నేల మీద పెడితే ఎప్పుడో ఓ టిక్కు వినిపించేది. మావ కుండ పూడ్చిన చోట పెట్టేసరికి మాత్రం పెనం మీద పేలాల్లా ఆగకుండా కొట్టుకుంది. పక్కనే ఉన్న అత్త గంప దించి కూలబడింది.

"బావా, నువ్వేనేటి?"

మిషను ఇంకా గట్టిగా కొట్టుకుంది.

వారం రోజులు అదే వరస. అత్త బతిమాలితే ఎందుకని అడక్కుండా ఇంజనీరు మిషను అక్కడ పెట్టేవాడు. అన్నం తిన్నావా, చలేస్తోందా అని ఆమె అడిగేది. అది పలికేది. నా మీద కోపమా అని నేనూ అడగబోయి నోరు మూసుకున్నాను. టిక్కుమంటుందేమోనని భయం.

ఎనిమిదో రోజు అక్కడ ఎర్రజెండా పాతారు. ఈ ఒడ్డు మొత్తంలో ఇంతగా పలికిన చోటు లేదు కాబట్టి తవ్వడం ఇక్కణ్ణుంచే మొదలట. నేను అతని మీద పడి తిట్టి, కింద ఏముందో చెప్పాను. అతను తెల్లబోయాడు. పలికేది నల్ల ఇసుకేనని, పదకొండేళ్లుగా దాన్ని అక్కడ కుప్పేసింది అత్తేనని అప్పుడు బయటపడింది. పైది తీసేస్తే మళ్లీ కొలుస్తాను, పలక్కపోతే జెండా పీకేస్తానని మాటిచ్చాడు.

నేనూ అత్తా నాలుగు రోజులు మోశాం. కుండ మూతి కనిపించాక తెల్ల ఇసుక కప్పాం.

ఇంజనీరు వచ్చి మిషను పెట్టాడు. చప్పుడు లేదు. సంతోషంగా జెండా పీకి ఆటోలో పడేశాడు.

కుండ దగ్గర కూర్చున్న అత్త లేవలేదు. బావా అని పిలిచింది. మళ్లీ పిలిచింది. మిషను అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె లేచి ఖాళీ గంప పట్టుకుని నల్ల చార వైపు బయల్దేరింది.

"అత్తా, అది పోస్తే జెండా మళ్లీ పాతుతారే."

"పాతనీరా బాబీ. ఒక్క పాలి పలకనీ."

ఆపాల్సినవాణ్ణి నేనే. గంపకి రెండో పక్క పట్టుకుని ఆమెతో నడిచాను.